వెనక పేజీ నుంచి తెచ్చిన మొత్తం

ఎర్రనది దిగువన, లాక్ థువాన్ సహకార సంఘంలో
పాయింట్లు రాసిన గుమస్తాని. పేరు ఖుయెన్.
వేలాడే రైలుపట్టా ముక్క మోగితే దినం మొదలు,
మళ్లీ మోగితే సరి.
లోతుగా నాటినా పది పాయింట్లే, పైపైన గుచ్చినా పదే.
నారు నీళ్లమీద తేలిపోతుంటే
మనిషికి పదేసి వేసుకుంటూ పోయేవాణ్ని.
నా కూడిక ఎన్నడూ తప్పలేదు.
గాదెలో వడ్లే తప్పేవి.

గట్లన్నీ అప్పటికే దున్నేశాం.
ఏ గట్టు ఎక్కడుండేదో
కప్పలకు తెలుసు, ముసలమ్మ థోవాకు తెలుసు.

ఒక చలిరాత్రి దళనాయకుడు హ్వాన్ వచ్చి
దీపం వత్తి తగ్గించాడు.
"ఉత్తరపు చెక్క ఇళ్లవారీగా పంచేద్దాం. నోటిమాటే.
నువ్వు రెండో పుస్తకం పెట్టు."
పెట్టాను, బియ్యపు కుండ అడుగున.
ఆ ఏడు ఉత్తరపు చెక్కలో వెన్నులు వంగాయి.
హ్వాన్‌ను జిల్లాకు పిలిచి చివాట్లు పెట్టారు.
వంగిన వెన్నులు మాత్రం మళ్లీ నిటారుగా లేవలేదు.

మూడేళ్లకు హనోయ్ నుంచి కాగితం. దాని నంబరు నూరు.
చదివితే, నా కుండలో పుస్తకమే
ముద్ర వేయించుకుని తిరిగొచ్చినట్టుంది.
నాటు నీది, కలుపు నీది, కోత నీది.
దుక్కీ నీరూ ఎరువూ సంఘానివి.
కోటా కట్టగా మిగిలింది నీ ఇంటికి.
రెండేళ్లు మిగిలింది.
తర్వాత కోటాకు కాళ్లొచ్చి
మిగులు వెంటే నడవడం మొదలెట్టింది.
నీళ్లు ఆలస్యం సంఘానిది, తాలుగింజ రైతుది.
థోవా పేరున బాకీ, వడ్లు, నలభై రెండు కిలోలు:
ఈ చేత్తోనే రాశాను.

ఇంకో ఏడేళ్లకు ఇంకో కాగితం. నంబరు పది.
"నూరు తర్వాత పదా! మీవాళ్లకు లెక్కలు రావు"
మా ఆవిడ న్యాన్ పొయ్యి ఊదుతూ నవ్వింది.
నూరు వదులు చేసిన ముడిని పది విప్పింది.
దున్నలు కూడా ఇళ్లకు నడిచొచ్చాయి.
ఆ వెనక ఎర్ర అట్ట పుస్తకం,
లోపల పేరు, పేరు కింద ఇరవై ఏళ్లు.

న్యాయంగా పంచాలి కదా. టోపీలో చీట్లు.
మెరకలో ఒకటి, పల్లంలో ఒకటి,
బాతులు తొక్కేచోట ఒకటి...
ఇంటికి పదకొండు ముక్కలు!
దున్న వెనక్కి తిరిగితే
తోక పక్కవాడి వరిలో.
గట్లు లేచాయి, గట్లమీద తిట్లు లేచాయి,
నేను టేపు పట్టుకుని పరుగులు.

ఆ న్యాయాన్ని సరిదిద్దేందుకు మరో తీర్మానం:
పదకొండును రెండు చేయండి.
మూడు శీతాకాలాలు కూర్చున్నాం, ఎన్ని కెటిల్‌ల టీ అయిందో.
చివరికి గట్లు మళ్లీ దున్నేశాం.
మొదటిసారి దున్నితే ఎవరిదీ కాని పొలం మిగిలింది,
ఈసారి ఎవరిదో తెలిసిన పొలం.
పొద్దుటి మంచులో చూస్తే
రెండూ ఒక్కలాగే ఉంటాయి.

మొన్న జిల్లా నుంచి దియెప్ అనే అమ్మాయి.
ఊళ్లో సగంమంది చెప్పుల ఫ్యాక్టరీలో,
ముప్పై ఇళ్ల నేల ఒక్క నాటుయంత్రం కింద,
ఈ కౌలుకు ఏ చట్టం కావాలో రాసుకుంటోంది.
"తాతా, ఇన్నిటిలో ఏది పనిచేసింది?"
టాబ్లెట్‌లో గడి ఒక్కటే ఉందట.
పాత పుస్తకం విప్పి ప్రతి పేజీ తలమీది వరుస చూపించాను:
వెనక పేజీ నుంచి తెచ్చినది.
ఫోటో తీసుకుంది. గడి ఖాళీగానే పోయింది.

థోవా సమాధి పొలం నడుమ ఉంది.
కోతయంత్రం అక్కడ నెమ్మదించి, చుట్టూ తిరిగి పోతుంది.
సమాధిని ఆనుకుని కొంత వరి నిలబడిపోతుంది.
ఈసారి కొడవలితో కోసి, నూర్చి, తూచాను.
కిలోంపావు.
ఆమె పద్దులో జమ వేశాను.

బాకీ నిలవ: నలభై ముప్పావు.